సొంతవాక్యంలో ప్రయోగించండి

ఆ సర్క్యులర్ మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. మూడు రోజులుగా వాట్సాప్‌లో శుభోదయం పువ్వులకంటే అదే ఎక్కువ తిరుగుతోంది. అందుకని మొత్తం మళ్లీ చెప్పను. ఎనిమిదో తరగతి ఇంగ్లిషు జాతీయాల పట్టికలోంచి ‘ఫాల్ ఇన్ లవ్’ తొలగించడమైనది. దాని స్థానంలో ‘ఫాల్ ఇన్ లైన్’ చేర్చడమైనది. విద్యార్థుల దృష్టి చదువు మీదినుంచి మరలకుండా ఈ చర్య తీసుకోవడమైనది. కింద సంతకం, స్టాంపు. స్కూలు పేరు మీకూ తెలుసు, నాకూ తెలుసు. మా ఇంట్లో పిల్ల ఇంకా రెండేళ్లు అక్కడే చదవాలి కాబట్టి నేను రాయను.

మీకు తెలియనిది ఒకటుంది. ఆ సర్క్యులర్ పుట్టడానికి కారకుణ్ని నేనే.

మా మనవరాలికి ఓ వర్క్‌షీటు ఇచ్చారు. పది జాతీయాలు, సొంతవాక్యాల్లో ప్రయోగించాలి. పిల్లులూ కుక్కలూ కురిసే జాతీయానికి ‘మా వీధిలో పిల్లులూ కుక్కలూ వానలో తడిశాయి’ అని రాసింది. రైటు పడింది. ‘పీస్ ఆఫ్ కేక్’కి ‘మా తమ్ముడు నా కేకు ముక్క తినేశాడు’ అని రాసింది. దానికీ రైటే. ఏడోది ‘ఫాల్ ఇన్ లవ్’. ‘మా తాతయ్య తెనాలి రైల్వే స్టేషన్లో మా అమ్మమ్మతో ప్రేమలో పడ్డాడు’ అని ఇంగ్లిషులో రాసింది. పదింటిలో జాతీయాన్ని సరిగ్గా వాడిన వాక్యం ఇదొక్కటే. ‘ఫాల్’ని ‘ఫెల్’ చేసింది, ‘విత్’ మర్చిపోలేదు, తెనాలి స్పెల్లింగ్ కూడా తప్పుపోలేదు. దాని చుట్టూ ఎర్రసిరాతో కోడిగుడ్డంత సున్నా చుట్టి, పక్కన ‘పేరెంట్‌ని తీసుకురా’ అని రాశారు.

మా అమ్మాయికీ అల్లుడికీ ఆఫీసులు. నన్ను పంపారు. అలా గార్డియన్ని నేనే, ముద్దాయినీ నేనే అయ్యాను.

ప్రిన్సిపాల్ మేడమ్ చాలా మర్యాదస్తురాలు. కాఫీ ఇప్పించి, వర్క్‌షీటు నా ముందుకి జరిపింది.

“సార్, మీరు పెద్దవారు. అడక్కూడదు. ఇది నిజమేనా?”

“నిజమేనమ్మా. 1984లో.”

“పెళ్లికి ముందా, తర్వాతా?”

“పెళ్లయిన మూడేళ్లకి. మా ఆవిడ పుట్టింటినుంచి వస్తోందంటే స్టేషనుకి వెళ్లాను. బండి నాలుగు గంటలు లేటు. దిగేసరికి అర్ధరాత్రి. ఒక చేతిలో ఆవకాయ జాడీ, ఇంకో చేతిలో పొట్లం. ఏమిటది అంటే వేరుశెనక్కాయలు, బాపట్లలో కొన్నాను, మీరు ఆకలితో నిలబడి ఉంటారని తినకుండా తెచ్చాను అంది. అప్పుడండీ.”

మేడమ్ మొహం తేటపడింది. “తర్వాతయితే పర్వాలేదు సార్. కానీ ఆ సంగతి వాక్యంలో లేదుగా? ‘ఆఫ్టర్ మ్యారేజ్’ అని చేర్చి రాయమనండి, సగం మార్కు ఇస్తాం.”

బయటికొచ్చాను. గేటు పక్కన నిలువెత్తు హోర్డింగు. కళ్లద్దాల కుర్రాడొకడు క్యాలిక్యులేటర్‌ని గుండెకి హత్తుకుని నవ్వుతున్నాడు. కింద ఇంగ్లిషులో ‘గణితంతో ప్రేమలో పడండి! ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్’ అని ఉంది. అంటే పడొచ్చు. ఎవరితో పడాలో స్కూలు చెబుతుంది, ఫీజు మూడు వాయిదాల్లో కట్టుకోవచ్చు.

ఇంటికొచ్చి మా ఆవిడతో జరిగిందంతా చెప్పాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. మనవరాలి వైపు తిరిగి, “మీ తాతయ్య పడ్డాడని ఎవరు చెప్పారే నీకు? పడ్డది నేను. ఈయనతో నలభై ఏళ్లు దాటింది, ఇంకా పడుతూనే ఉన్నాను” అంది.

ఆ మాటతో నాకు జ్ఞానోదయమైంది. మేడమ్ చెప్పిందే సబబు. తప్పంతా ఆ ‘పడు’లో ఉంది.

తెలుగువాడు పుట్టినప్పటినుంచీ పడుతూనే ఉంటాడు. కష్టపడతాడు, భయపడతాడు, సిగ్గుపడతాడు, పక్కింటివాణ్ని చూసి అసూయపడతాడు. ఒకటో తారీకున జీతం పడిందా అని ఫోను చూసుకుంటాడు. పెద్దల చేత మాట పడతాడు. చివరికి మంచాన పడతాడు. వీటన్నిటికీ ఇంటిల్లిపాదీ, ఊరువాడా సమ్మతమే. ఇష్టపడడం దగ్గరే కొంచెం గొంతు సవరించుకుంటారు. ప్రేమలో పడడం దగ్గరికొచ్చేసరికి సర్క్యులర్ తీస్తారు. పైగా మనవాళ్లు ఆ మూడు ముక్కలూ తెలుగులో అననే అనరు. ఎంత పల్లెటూరి కుర్రాడైనా ‘ఐ లవ్యూ’ అంటాడు. ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అనేది డబ్బింగ్ సినిమాల్లో హీరో ఒక్కడే. ఆ ఇంగ్లిషు కాస్తా సిలబస్‌లోంచి తీసేస్తే జాతి మొత్తం మూగబోయి బుద్ధిగా చదువుకుంటుందని మేడమ్ లెక్క. 1998లో ‘తొలిప్రేమ’కి టికెట్ల కోసం చొక్కాలు చింపుకున్న తరమే ఇవాళ పేరెంట్స్ కమిటీలో కూర్చుని ఆ లెక్కకి చప్పట్లు కొట్టింది.

ఒక్క చిన్న పొరపాటు జరిగింది. ప్రేమని తీసేసి ‘లైన్’ పెట్టారు. తెలుగునాట కాలేజీ గోడ మీద కూర్చున్న ఏ కుర్రాణ్నైనా అడగండి, లైను వేయడమంటే ఏమిటో చెబుతాడు. పెద్దపులి వద్దని పంజరం తెరిచి చిరుతని వదిలారు. సరే, వచ్చే ఏడాది సర్క్యులర్‌లో దిద్దుకుంటారు.

నాకు మాత్రం ఒక స్కూలు సర్క్యులర్‌తో ఇది ఆగకూడదనిపిస్తోంది. పౌరుడిగా నా బాధ్యత నాకుంది. ప్రేమలో ‘పడతారు’ అని అందరూ ఒప్పుకున్నాక, ప్రేమ గుంత అయి తీరాలి. గుంత అయినప్పుడు అది విద్యాశాఖ కిందికి ఎలా వస్తుంది? మున్సిపాలిటీ కిందికి రావాలి. ఊళ్లో అయితే పంచాయతీరాజ్, హైవే మీద అయితే రోడ్లు భవనాల శాఖ. ఇన్నాళ్లూ శాఖ తప్పు పెట్టుకుని, పాపం టీచర్ల మీద భారం వేశాం.

ముందు సర్వే జరగాలి. ఊళ్లో ఇలాంటి గుంతలు ఎక్కడెక్కడున్నాయో గుర్తించాలి. బస్టాపు, గ్రంథాలయం, ట్యూషను సెంటరు మెట్లు, జిరాక్స్ షాపు, దసరాకి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు, రైల్వే స్టేషను. తెనాలి స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద మంచినీళ్ల కుళాయి పక్కన ఒకటుందని నేనే వాంగ్మూలం ఇస్తాను. గుర్తించిన ప్రతిచోటా చుట్టూ సున్నం గీత, ఎర్ర రిబ్బను, రాత్రిపూట మెరిసే రేడియం స్టిక్కరు. ‘హెచ్చరిక: ముందు ప్రేమ ఉన్నది, నెమ్మదిగా పోవలెను.’

తర్వాత ఎస్టిమేట్లు. వానాకాలం ముందు పూడ్చాలి, ఎందుకంటే తొలకరిలో పడేవాళ్లు ఎక్కువ. టెండర్లు పిలిస్తే కాంట్రాక్టర్లు పోటీపడి అంచనాకంటే ఎంతో కొంత లెస్‌కి కోట్ చేస్తారు. గుంతలో నాలుగు తట్టల కంకర పోసి, పైన తారు చిలకరించి, ఫోటో తీసి బిల్లు పెడతారు. మొదటి వానకే గుంత మళ్లీ తేలుతుంది, అందులో మళ్లీ ఒక జంట తేలుతుంది. మళ్లీ ప్యాచ్ వర్కు. శాఖ చల్లగా ఉంటుంది.

పడ్డవాళ్ల సంగతి? క్రేను తెప్పిస్తారు. తహసీల్దారు వస్తాడు, పంచనామా రాస్తాడు. ‘తమరు స్వయంగా పడితిరా, ఎదుటివారు లాగగా పడితిరా, ఇద్దరూ ఒకేసారి పడితిరా?’ మూడోదానికి ఫారంలో గడి ఉండదు. ఎమ్మెల్యేగారు పరామర్శకొచ్చి అంచున నిలబడి, లోపలున్నవాళ్లని ‘మీది ఏ ఊరు, ఎవరి తాలూకు?’ అని అడుగుతారు. ఎక్స్‌గ్రేషియా ప్రకటించేముందు అదే అడగాలి మరి.

హెచ్చరిక బోర్డుల విషయంలో మాత్రం సర్కారుని తప్పుపట్టలేం. 1955 నుంచీ పెడుతూనే ఉంది. స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద పెళ్లి చేసుకుంటామని మీరు దరఖాస్తు పెట్టుకున్నారనుకోండి, మీ పేర్లు, వయసు, వృత్తి, ఉండే చిరునామా అన్నీ రాసిన నోటీసుని మ్యారేజ్ ఆఫీసరు తన ఆఫీసులో అందరి కళ్లూ పడేచోట అంటిస్తాడు. 30 రోజులు. సొంతూరు వేరే జిల్లాలో ఉంటే అక్కడి ఆఫీసుకీ ఒక ప్రతి వెళ్తుంది, అక్కడా అంటిస్తారు. ఎవరైనా సరే వచ్చి అభ్యంతరం చెప్పొచ్చు. మామూలు బోర్డు ‘ఇటు రాకండి’ అంటుంది. ఈ బోర్డు ‘వీళ్లు ఇక్కడున్నారు, రండి’ అంటుంది. దాన్ని చదువుకుని బావమరుదులు సుమోలో దిగితే బోర్డునేమంటాం? అక్షరాస్యత పెరిగిందని సంతోషించాలి.

ఇక అసలు పని లోతు కొలవడం. కొలతలు నమోదుచేసే ఎం బుక్కులో ప్రతి గుంత లోతూ రాయాలి గదా. ఇక్కడే మా అసిస్టెంట్ ఇంజినీరు ఏఈగారికి చిక్కొచ్చిపడుతుంది. ఒకే గుంత, టేపు వేసిన ప్రతిసారీ వేరే కొలత చూపిస్తుంది.

అబ్బాయిదీ అమ్మాయిదీ ఒకే కులమైతే, అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తుంటే, లోతు సున్నా. అసలది గుంతే కాదు, నున్నటి రోడ్డు. దాన్ని ‘పిల్లలు ఒకళ్లనొకళ్లు ఇష్టపడ్డారండీ, మేమూ సరేనన్నాం’ అంటారు. శుభలేఖ అచ్చవుతుంది, డ్రోనుతో వీడియో తీయిస్తారు. కులం ఒకటే అయినా అబ్బాయికి ఉద్యోగం లేకపోతే మోకాలిలోతు. ఏదో కన్సల్టెన్సీలో చేరగానే పూడుకుపోతుంది. కులం వేరైనా ఆస్తి సరితూగితే నడుములోతు. రెండేళ్లు మాటలుండవు. మనవడు పుట్టాక, వాడి ముక్కు అచ్చం తాతదే అని ఎవరో అనగానే నిచ్చెన దించుతారు. శాఖాపరంగా వీటితో ఇబ్బంది లేదు.

అమ్మాయి పెద్ద కులం, అబ్బాయి ఊరి చివర పేటలోంచి వచ్చినవాడు. ఇక్కడ ఏఈగారు టేపు వదిలారు. వదులుతూనే ఉన్నారు. టేపు చుట్ట ఖాళీ అయింది, అడుగు తగల్లేదు.

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను. ఆ టేపు చివర నాకు నవ్వు రావడం లేదు.

2018 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. మేజర్లయిన ఇద్దరు పెళ్లికి ఒప్పుకున్నాక కుటుంబం అనుమతి గానీ, కులం అనుమతి గానీ, వంశం అనుమతి గానీ అవసరం లేదని. తెలుగులోకి తెస్తే ఒక్క వాక్యం: వాళ్లని వాళ్ల మానాన వదిలేయండి. ఆరు నెలలు తిరగలేదు. సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఒక కుర్రాడు గర్భిణి అయిన భార్యని డాక్టరుకి చూపించి, ఆసుపత్రి గేటు దాటుతున్నాడు. పక్కన భార్య, వెంట తల్లి. వెనకనుంచి ఒకడు కత్తితో వచ్చాడు. ఆసుపత్రి సీసీ కెమెరాలో పడిన ఆ దృశ్యాన్ని ఆ వారమంతా అన్నం తింటూ టీవీల్లో చూశాం.

ఇందాక టెండర్లని హాస్యమాడాను. అక్కడ నిజంగానే టెండరు నడిచింది. కాంట్రాక్టు ఖరీదు కోటి రూపాయలని పోలీసులు చెప్పారు. అడ్వాన్సు, మధ్యవర్తులు, పని పూర్తిచేసే మనిషి, అన్నీ పద్ధతిగా. ఇచ్చింది ఎవరో కాదు, అమ్మాయి కన్నతండ్రే అని అభియోగం. తీర్పుకి ముందే ఆయన పోయాడు. మిగిలినవాళ్లలో ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేస్తూ నల్లగొండ కోర్టు తీర్పిచ్చేసరికి 2025 మార్చి 10. బిడ్డ పుట్టి, బడికి వెళ్లే వయసొచ్చింది.

2022 మే 4, సరూర్‌నగర్. పెళ్లయి మూడు నెలలైన జంట. నడిరోడ్డు మీద భార్య అన్న ఇనపరాడ్డు ఎత్తాడు. ఆ అమ్మాయి అడ్డంపడింది, వచ్చేపోయేవాళ్లని చేతులు జోడించి అడిగింది. జనం ఆగారు. ఆగి, ఫోన్లు తీశారు.

వీళ్లలో ఎవరూ గుంతలో పడి చావలేదు. ప్రేమకి లోతు లేదు, ఏఈగారు కొలిచింది ప్రేమని కాదు. ఆ గొయ్యి తవ్వింది మనం. తరతరాలుగా పలుగూ పారా చేతులు మార్చుకుంటూ తవ్వాం. పిల్లల్ని దాని అంచుకి తోసి, ‘అయ్యో, పడ్డారు’ అని రాసుకుంటున్నాం.

మేడమ్ గారూ, మీతో చివరగా ఒక మాట. నేను కోపంగానే ఉన్నాను, అయినా మర్యాద తప్పను, మీరు నాకు కాఫీ ఇప్పించారు.

మా మనవరాలి తెలుగు నోట్సు కూడా తిరగేశాను. కర్తరి వాక్యాలు, కర్మణి వాక్యాలు. ‘రాముడు రావణుని చంపెను.’ ‘రావణుడు రామునిచేత చంపబడెను.’ ఇదే ఉదాహరణ నేను చదువుకున్నప్పుడూ ఉంది, మా నాన్న చదువుకున్నప్పుడూ ఉండే ఉంటుంది. పదమూడేళ్ల పిల్ల ‘చంపబడెను’ అని పదిసార్లు రాస్తే దృష్టి మరలదు. రైటు పడుతుంది. అదే పిల్ల ‘ప్రేమలో పడెను’ అని ఒక్కసారి రాస్తే పెద్దవాళ్లని పిలిపిస్తారు. రెండింట్లోనూ ఉన్నది ఒకే ‘పడు’ కదమ్మా. ఏ ‘పడు’కి భయపడాలో పిల్లలకి నేర్పేది ఇలాగేనా? ఇలా నేర్చుకున్న కుర్రాడే రేపు చెల్లెలి ఫోను లాక్కుంటాడు. ఎల్లుండి రాడ్డు ఎత్తుతాడు. మీ బడిలో వాడికి ఇంగ్లిషులో నూటికి తొంభై వచ్చి ఉండొచ్చు. ‘ఫాల్ ఇన్ లైన్’ని వాడికంటే బాగా సొంతవాక్యంలో ఎవరు ప్రయోగిస్తారు?

పుస్తకంలోని ఉదాహరణలో ఒక నిజాయితీ అయినా ఉంది. ‘రామునిచేత’ అని చంపినవాడి పేరు చెబుతుంది. పేపర్ల భాషకి, అంటే మా పాత్రికేయుల భాషకి, ఆ పాటి నిజాయితీ కూడా లేదు. ‘యువకుడు హత్యకు గురయ్యాడు.’ ‘ప్రేమ వ్యవహారం ప్రాణం తీసింది.’ ప్రేమ తీసిందట! కత్తి పట్టినవాడు వాక్యంలోంచి మెల్లిగా జారుకుంటాడు, ప్రేమ మీద కేసు పడుతుంది. ముప్పై ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను, నేనూ రాశాను అలాంటి శీర్షికలు. నా చేత్తోనే రాశాను.

అందుకని మీరు కొత్త వర్క్‌షీటు వేసేటప్పుడు నా తరఫున ఒక్క ప్రశ్న చేర్చండి. పిల్లలకి వద్దు, పేరెంట్స్ కమిటీకి ఇవ్వండి, మా న్యూస్ డెస్కుకి ఒక కాపీ పంపండి. ‘కింది కర్మణి వాక్యాలను కర్తరి వాక్యాలుగా మార్చండి. మిర్యాలగూడలో ఒక యువకుడు చంపబడ్డాడు. సరూర్‌నగర్‌లో ఒక యువకుడు చంపబడ్డాడు. కర్తను రాయనివారికి మార్కులు లేవు.’

మా పిల్ల ఏడో వాక్యం మరోసారి చదవండి. అందులో కర్త ఉన్నాడు. ఎవరితో పడ్డాడో ఉంది, ఎక్కడ పడ్డాడో ఉంది. దేన్నీ దాచలేదు, ఎవరికీ హాని చేయలేదు. అడిగితే మీ గదికొచ్చి 1984 అని ఏడాదితో సహా ఒప్పుకున్నాడు. ‘ఆఫ్టర్ మ్యారేజ్’ చేర్చం. సగం మార్కు వద్దు.

పూర్తి మార్కు వేయండి.